వందమంది టిఫిన్: సగం పని రాత్రే

పెండ్లిళ్ళ దినాలు వచ్చినయంటే మన గల్లీలల్ల ఒక్కటే మాట వినపడుతది. పెండ్లి ఎట్లన్న చేస్తం, భోజనం ఎట్లన్న పెడతం, పొద్దుగాల టిఫిన్ సంగతే సమజైతలేదు అని. నిజమే. భోజనానికి వంటాయన వస్తడు, మధ్యాహ్నం దాకా టైముంటది. టిఫిన్‌కు టైముండది. ముహూర్తం తొమ్మిదింటికి అంటే, కరీంనగరం, సిరిసిల్ల, వరంగల్ దిక్కునుంచి రాత్రంతా బస్సుల కూసోని వచ్చిన సుట్టాలకు ఏడు గంటలకే ఆకలైతది. చిన్నపిల్లలు ఏడుస్తరు. తిన్నంక వేసుకునే షుగర్ గోలీలు చేతుల పట్టుకోని పెద్దోళ్ళు కూసుంటరు. సిగ్గుకు ఎవ్వరూ అడగరు.

కేటరింగాయనను అడిగితే ప్లేటు లెక్క చెప్తడు. ఆయన తప్పేం లేదు, ఆయన మనుషులకు ఆయన కూలీ ఇయ్యాలె. గాని ఆ లెక్క ఇన్నంక ఇంటి పెద్దమనిషి, అప్పటికే హాలుకు, బట్టలకు, బంగారానికి తెచ్చిన అప్పు మీద ఇంకొంచెం అప్పు చేస్తడు. పెండ్లి ఒక్కపూట, వడ్డీ మూడేండ్లు.

నేను వంటాయనను కాదు. సోలాపూర్ల సాంచ నడిపిన మనిషిని. నాలుగో తరగతి దాక చదివిన. మిల్లుల కొన్నేండ్లు, మిల్లు బందైనంక పవర్‌లూమ్ కారఖానల కొన్నేండ్లు పనిచేసిన. గాని మా గల్లీల పెండ్లిళ్ళకు, దినాలకు, నారలీ పున్నమి నాడు మార్కండేయుని రథం వెళ్ళే పొద్దుకు భట్టీ కాడ నిలవడబట్టి చాలా ఏండ్లయింది. మా పెద్దొదిన చేతి కింద నేర్చుకున్న. ఆమెకు చదువు రాదు, కొలతలు మాత్రం నోటికొస్తయి. ఆమె చెప్తుంటే నేను నోటుబుక్కుల రాసుకున్న. అవే ఇక్కడ పెడుతున్న. మీ ఇంటి పెండ్లికి పనికొస్తే సంతోషం.

బీమ్ ఎక్కకుంటే సాంచ నడవది

మిల్లుల పనిచేసినోళ్ళకు ఈ సంగతి తొందరగ అర్థమైతది. ఒక పాళీల ఎంత బట్ట నేసినమన్నది ఉత్త సాంచకాడ తేలదు. వార్పింగుల తానా సరిగ తిప్పిన్రా, సైజింగుల గంజి సరిగ పట్టించిన్రా, పోగులు అచ్చుల సరిగ ఎక్కించిన్రా, దాంట్ల తేలుతది. ముందటి ఖాతావాళ్ళు తమ పని చేసిపెడితే నేసేటాయన ఉత్త సాంచ సూసుకుంటే సాలు. వాళ్ళు చెయ్యకుంటే భోంగా కూసినా సాంచ కాడ నిలవడుడే.

వందమంది టిఫిన్ కూడ గంతే. పొద్దుగాల నాలుగింటికి లేచి చింతపండు నానబోసుడు, రవ్వ వేయించుడు, పల్లీలు వలుచుడు మొదలుపెడితే తొమ్మిదైనా ఆకులేయలేం. ఇవన్ని రాత్రే కావాలె. పొద్దుగాలకు అన్నం వండుడు, కలుపుడు, ఉప్మా దించుడు, చాయ్ కాసుడు, గీ నాలుగు పనులే మిగలాలె.

మన మిల్లుల కాలంల ఖానావళి నడిపిన అమ్మలకు ఈ ఇద్దె బాగ తెలుసు. ఇంటికాడ ఆడమనిషి లేని కార్మికులకు వాళ్ళే దిక్కు. ముంబయిల గిరణ్‌గావ్ దిక్కు ఒక చిన్న ఖోలీల పది, ఇరవై మందికి రెండుపూటల అన్నం పెట్టేటోళ్ళు. పొద్దుటి పాళీకి పోయేటాయన డబ్బా తయారుండాలంటే రాత్రే కూరగాయ సవరించి, పిండి పట్టించి పెట్టుకునేటోళ్ళు. కార్మికుడు నెల జీతమొచ్చినంక పైసలిచ్చేటోడు, కిరాణా దుకాణపాయన మాత్రం ముందే అడిగేటోడు. మధ్యల వడ్డీ ఆ అమ్మల నెత్తిమీద పడేది. 1975ల ప్రేమా పురవ్ గారు వాళ్ళందర్ని కూడగట్టి అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టిన్రు, బ్యాంకు అప్పు ఇప్పించిన్రు. వంట చేసేటోళ్ళను వడ్డీనుంచి బయటపడేసిన పని అది. మన గల్లీల పెండ్లి టిఫిన్ మనమే చేసుకునుడు కూడ చిన్నగ అసొంటి పనే.

రాత్రి ఏది చెయ్యాలె, ఏది చెయ్యొద్దు

అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇది. కొలతలు కొంచెం తప్పినా ఫరవాలేదు, ఇది తప్పొద్దు.

పులుపు ఉన్నది, ఉప్పు నూనె బాగ పట్టింది, తడిలేకుండ ఎండుగ ఉన్నది రాత్రి నిలుస్తది. చింతపండు పులుసు, వేయించిన రవ్వ, వేయించిన పల్లీలు, శేంగా చట్నీ, మసాలా పొడులు, వలిచిన ఉల్లిగడ్డలు రాత్రే చేసి పెట్టొచ్చు.

నీళ్ళతోటి ఉడికింది రాత్రి నిలవది. అన్నం, ఉప్మా, ఉడికిన పప్పు, ఆలుగడ్డ కూర, కొబ్బరి చట్నీ రాత్రి చేసి పొద్దుగాల పెట్టొద్దు.

కొన్నేండ్ల కింద ఒక ఫంక్షన్ల ఇట్లనే అయింది. పొద్దుగాల తొందరుంటదని రాత్రి తొమ్మిదింటికే అన్నం వండి పెద్ద డేగిశల మూతపెట్టిన్రు. మే నెల. పొద్దుగాల పులుసు కలిపి పెట్టిన్రు. వాసన రాలేదు, రుచి మారలేదు. పది గంటలకు పిల్లలకు వాంతులు మొదలైనయి. ముగ్గురికి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. దేవుని దయవల్ల అందరు బాగైన్రు. పెండ్లి ఇంటోళ్ళ మొహం మాత్రం ఇప్పటికి నా కండ్లల్ల ఉన్నది.

దవాఖానల డాక్టరు చెప్పిన మాట అందరు యాదికి పెట్టుకోవాలె. పెద్ద గిన్నెల అన్నం పైకి సల్లగయినట్టు కనవడుతది, నడిమి అన్నం గంటల తరబడి గోరువెచ్చగ ఉంటది. ఆ గోరువెచ్చదనంల సూక్ష్మజీవులు పెరిగి విషం తయారుచేస్తయి. ఆ విషం మళ్ళ వేడిచేస్తే పోదు. వాసన చూస్తే దొరకది. అందుకే అన్నం పొద్దుగాలనే వండాలె, రెండు మూడు గంటలల్ల ఆకులేసి తినిపించాలె.

వందమందికి కొలతలు

మా గల్లీల ఆనవాయితీ పులిహోర, ఉప్మా, శేంగా చట్నీ, చాయ్. ఇడ్లీ ఎందుకు పెట్టరని పిల్లలు అడుగుతరు. మనిషికి మూడు లెక్కన 300 ఇడ్లీలు కావాలె. పెద్ద పాత్రల ఒకసారికి 50 వస్తే ఆరు వాయిలు దించాలె, ఒక్కొక్క వాయికి పావుగంట. అంతల ముహూర్తం దగ్గరికొస్తది. పైగా సోలాపూర్ ఎండకు రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగి నేలమీద ఉంటది. ఇరవై ముప్పై మందికైతే ఇడ్లీ మంచిదే.

పులిహోరకు: పాత బియ్యం 6 కిలోలు, చింతపండు 700 గ్రాములు, నూనె ఒక లీటరు పైన ఇంకో గ్లాసెడు, పల్లీలు 600 గ్రాములు, శనగపప్పు 300, మినప్పప్పు 200, ఎండు మిరపకాయలు 100, పచ్చి మిరపకాయలు 200, ఆవాలు 75, పసుపు 40, బెల్లం 100, ఇంగువ 10 గ్రాములు, ఉప్పు 180 గ్రాములు, కరేపాకు నాలుగు పెద్ద కట్టలు.

ఉప్మాకు: రవ్వ 4 కిలోలు, నూనె 600 మిల్లీలీటర్లు, ఉల్లిగడ్డలు కిలోన్నర, పచ్చి మిరపకాయలు 200 గ్రాములు, అల్లం 100, శనగపప్పు 150, మినప్పప్పు 150, ఆవాలు 50, ఉప్పు 130 గ్రాములు వేసి రుచి చూసుకోవాలె. నీళ్ళు, వెంటనే వడ్డించేదుంటే 14 లీటర్లు, గంట ఆగేదుంటే 16. ఆగినకొద్ది ఉప్మా గట్టిపడుతది కాబట్టి.

శేంగా చట్నీకి: పల్లీలు కిలో, ఎల్లిపాయ 100 గ్రాములు, కారం 75, జీలకర్ర 25, ఉప్పు 35 గ్రాములు.

చాయ్‌కి: పాలు 6 లీటర్లు, నీళ్ళు 4 లీటర్లు, చక్కెర కిలో, చాయ్‌పత్తి 200 గ్రాములు, అల్లం ఒక పెద్ద ముక్క. షుగర్ ఉన్నోళ్ళకు చక్కెర వేయకముందే ఒక కెటిల్ తీసి పక్కన పెట్టాలె. మర్చిపోతే పెద్దోళ్ళు చాయే తాగరు.

రెండొద్దుల ముందు

శేంగా చట్నీ ఈ రోజే దంచాలె. మిక్సీల తిప్పితే పల్లీల నూనె తొందరగ బయటికొచ్చి ముద్దయితది. మన సోలాపూర్ చట్నీకి ఆ పేరొచ్చిందే రోట్ల దంచుడుతోటి. పల్లీలు సన్న మంట మీద వేయించి, పొట్టు తీసి, సల్లారినంక ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు, కారం వేసి దంచాలె. నీటి చుక్క తగలొద్దు. తడి లేని స్టీలు డబ్బల పెడితే వారం పదిరోజులు ఏమీ కాదు.

చింతపండుల గింజలు, ఈనెలు తీసుడు, రవ్వల పురుగు చూసుడు కూడ ఇదే రోజు. ఇది ముసలోళ్ళకు, పిల్లలకు అప్పజెప్పాలె. వాళ్ళకు కూడ పెండ్లిపని చేసిన సంతోషముంటది.

కడక్ భాక్రీ దొరికితే పాతిక తెచ్చి పెట్టుకోండ్రి. జొన్నరొట్టెను పలచగ చేసి కరకరలాడేదాక కాల్చినది, చాలా రోజులు నిలుస్తది. అన్నం, రవ్వ తినొద్దన్న షుగర్ పేషెంట్లకు రెండు ముక్కలు, పెరుగు, శేంగా చట్నీ పెడితే కడుపునిండ దీవిస్తరు.

ముందటి రోజు రాత్రి

సాయంత్రం 6 గంటలకు చింతపండును మరిగే నీళ్ళల్ల నానబెట్టాలె. 7 గంటలకు చిక్కగ పులుసు పిండాలె. దీనికి జర్మన్ గిన్నె వాడొద్దు. పులుపు అల్యూమినంను తింటది. ఇత్తడి గిన్నె ఐతే కళాయి మంచిగుండాలె. స్టీలు గిన్నె అన్నిటికన్న నయం.

సగం నూనె కాచి, పసుపు, చీరిన పచ్చి మిరపకాయలు, సగం కరేపాకు వేసి పులుసు పొయ్యాలె. ఉప్పు, బెల్లం వేసి సన్నమంట మీద ఉడికించాలె. నూనె పైకి తేలి, గంటెతోటి గీత గీస్తే ఆ గీత వెంటనే మూసుకోకుండ ఉండాలె. అప్పుడు దించాలె. తొందరపడి పలచగ దించితే పొద్దుగాల అన్నం ముద్దయితది. సల్లారినంక మూతపెట్టాలె. వేడిమీద మూతపెడితే మూతకు పట్టిన నీళ్ళు లోపల పడతయి.

8:30కు రవ్వ వేయించాలె. కిలో కిలో చొప్పున నాలుగుసార్లు. ఒక్కసారే వేస్తే కింద మాడుతది, పైన పచ్చిగుంటది. రంగు మారకముందే, కమ్మటి వాసన రాంగనే తీసి బట్టమీద పరిచి సల్లార్చాలె. వేడిమీదనే డబ్బల పోస్తే లోపల ఉక్కకు గడ్డలు కడుతది.

9:30కు పులిహోర పల్లీలు నూనెల వేయించి వేరే డబ్బల పెట్టాలె. పొద్దుగాల ఆఖరికి కలిపితే కరకరలాడుతయి. ఉల్లిగడ్డలు వలిచి పెట్టాలె, కొయ్యొద్దు. కోసిన ఉల్లిగడ్డ రాత్రంతా ఉంటే వాసన మారుతది. పాలు తెచ్చినంక ఫ్రిజ్జుల పెట్టేది లేకుంటే పొద్దుగాల వచ్చే పాలకే చెప్పుకోవాలె.

ఇంకొక్క పని. పొద్దుగాల అన్నం ఆరబోసేందుకు బట్ట కావాలె. మన ఇండ్లల్ల బట్టకు కరువులేదు. గాని కారఖానా నుంచి తెచ్చిన కోరా బట్టకు గంజి ఉంటది, ఆ గంజిల ఏమేం కలుస్తయో సైజింగుల చేసినోళ్ళకు తెలుసు. రెండుసార్లు వేడినీళ్ళల్ల ఉతికి, ఎండలో ఆరేసిన తెల్ల నూలుబట్టనే వాడాలె. రంగు చద్దరు మీద వేడన్నం పొయ్యొద్దు. ఆ చద్దరు వేరే పనికొస్తది. ఉప్మా గిన్నెకు మూతపెట్టి చుట్టూ రెండు సోలాపూర్ చద్దర్లు చుడితే గంటసేపు వేడి పోదు.

రాత్రి 10 గంటలకు అందరు పండుకోవాలె. రాత్రంతా మేలుకొని పనిచేసినం అని చెప్పుకునుడు గొప్ప కాదు. నిద్రలేనోళ్ళ చెయ్యి మరిగే నూనె కాడ వణుకుతది.

పొద్దుగాల

4:15కు భట్టీ వెలిగించి అన్నానికి నీళ్ళు పెట్టాలె. బియ్యం 3 కిలోల చొప్పున రెండు దఫాలు. పెద్ద గిన్నెల ఎక్కువ నీళ్ళు మరిగించి, కొంచెం పలుకున్నప్పుడే గంజి వార్చాలె. 5 గంటలకు మొదటి అన్నం, 5:30కు రెండోది బట్టమీద పలచగ పరవాలె. మీద నాలుగు గంటెల పచ్చినూనె, కొంచెం పసుపు, మిగిలిన కరేపాకు చల్లాలె. వేడికి కరేపాకు వాసన అన్నానికి పడుతది.

పొగ తగ్గి, చేతికి ఓర్చుకునేటంత వేడి ఉన్నప్పుడు పులుసు కలపాలె. మొత్తం ఒక్కసారే పొయ్యొద్దు. ముప్పావు పోసి, చేతితోటి కిందమీద చేసి, రుచి చూసి మిగిలింది పొయ్యాలె. గంటెతోటి కలిపితే మెతుకు విరుగుతది. చేతులు సబ్బుతోటి మోచేతిదాక కడుక్కున్నోళ్ళే కలపాలె, చేతికి పుండో దెబ్బో ఉన్నోళ్ళు వేరే పని చూసుకోవాలె. ఆవాలు, పప్పులు, ఎండు మిరపకాయలు, ఇంగువతోటి పోపు పెట్టి పైన పోసి, ఆఖరికి పల్లీలు కలపాలె. 6 గంటలకు పులిహోర ఐపోతది.

6:15కు ఉప్మా. ఆ లోపల ఇద్దరు కూసోని ఉల్లిగడ్డలు కోసి పెడతరు. పోపు వేగి, ఉల్లిగడ్డ మెత్తబడ్డంక నీళ్ళు పోసి తెర్లనియ్యాలె. ఒకరు రవ్వ సన్న ధారగ పొయ్యాలె, ఒకరు ఆపకుండ కలపాలె. ఇద్దరు లేకుంటే ఉండలు కడుతది. రాత్రి వేయించి పెట్టిన రవ్వ కాబట్టి ఐదారు నిమిషాలల్ల ఉడుకుతది. పక్క పొయ్యి మీద చాయ్. 7 గంటలకు మొదటి పంక్తి కూసుంటది.

మగోళ్ళు కూడ లేవాలె

ఎనిమిది మంది సరిపోతరు. భట్టీ కాడ ఇద్దరు, కోసుడుకు ఇద్దరు, అన్నం ఆరబోసి కలిపేందుకు ఇద్దరు, చాయ్ కాడ ఒకరు, నీళ్ళు, గిన్నెలకు ఒకరు. అందుల నలుగురన్న మగోళ్ళు ఉండాలె. ఇది నా గట్టి మాట.

మన ఆడోళ్ళల్ల చానామంది బీడీలు చుడతరు. వాళ్ళ కూలీ వెయ్యి బీడీల లెక్క. ఒకపూట వంటకాడ పోతే ఆ పూట కూలీ పోతది. రాత పాళీ చేసిన మగోనికి పొద్దుగాల నాలుగంటే కొత్తేం కాదు. నలభై లీటర్ల డేగిశ దించే బలం ఉన్నోళ్ళు మంచంమీద ఉండి, నడుమునొప్పి ఉన్న వదినలు దించుడు న్యాయం కాదు. మొదట్ల నన్ను చూసి నవ్విన్రు. ఇప్పుడు మా గల్లీ పొరగాళ్ళే వచ్చి, కాకా, ఎల్లుండి భట్టీ ఎన్నింటికి అని అడుగుతున్రు.

పోయిన చలికాలం మా పక్క గల్లీల ఒక బిడ్డ పెండ్లి అయింది. తండ్రి పవర్‌లూమ్ మీద పనిచేస్తడు, తల్లి బీడీలు చుడుతది. టిఫిన్ కేటరింగుకు అడ్వాన్సు కట్టేందుకు తల్లి చెవుల బుట్టలు తాకట్టు పెడదామనుకున్నరు. మా వదిన పోయి వద్దన్నది. సామాను వాళ్ళు తెచ్చుకున్నరు, చేతులు మేమిచ్చినం. 130 మంది తిన్నరు, మూడు గంటెల ఉప్మా మిగిలింది. ఆ తల్లి బుట్టలు పెట్టుకోనే కన్యాదానం చేసింది. పెండ్లి ఫోటోల కనవడతయి చూడుండ్రి.

ఏ గల్లీకైనా కావలసింది పెద్దదేం కాదు. అందరి సొమ్ముతోటి ఒక భట్టీ, రెండు డేగిశలు, రెండు స్టీలు గిన్నెలు, నాలుగు ఉతికిన తెల్లబట్టలు, ఒక నోటుబుక్కు. బుక్కుల ప్రతి పెండ్లికి ఎంతమంది వచ్చిన్రు, ఏది ఎంత పోసినం, ఎంత మిగిలింది రాయాలె. మూడు పెండ్లిళ్ళైతే మీ గల్లీ లెక్క మీకే తెలుస్తది. గిన్నెలు తీసుకపోయినోళ్ళు తోమి, ఎండబెట్టి, రెండోనాడు తిరిగియ్యాలె. ఇయ్యకుంటే మా వదిన ఇంటికే వస్తది.

భివండి, ముంబయి, బళ్ళారి, గంజాం దిక్కు ఉన్న మన అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు మీ ఊర్ల పెండ్లి పొద్దుటికి ఏం చేస్తరో, ఎన్ని కిలోలకు ఎంతమందో రాసి పంపుండ్రి. మురమురాలను మా దిక్కు సుశీల చేస్తరు, రాయలసీమోళ్ళు ఉగ్గాని అంటరు. దాని వందమంది కొలత నా బుక్కుల ఇంక లేదు. తెలిసినోళ్ళు చెప్తే రాసుకుంట.